కదిలే బొమ్మల సారు

ఆయన పోయాడని మొన్న ఆదివారం కబురు వచ్చింది. జడ్చర్లలో ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఎవరో ఆయన ఫోటో పెట్టి, గుండె ఆగిందని రాశారు. చూస్తుండగానే దండాలు వరుసకట్టాయి. చాలా మంచి మనిషి అని ఒకరు, మాకు బతుకుదెరువు నేర్పిన దేవుడని ఒకరు, చీమకు కూడా హాని చేయని సారు అని ఇంకొకరు. నేను ఫోను బోర్లా పెట్టి, నానబెట్టిన బట్టలు ఉతకడానికి పోయాను.

పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదంటారు. చీమ మాట ఒక్కటి రాయకపోతే నేనూ మాట్లాడేదాన్ని కాదేమో. పేరు మాత్రం రాయను. ఆయన పిల్లలు చదువుకుంటున్నారు, వాళ్ల తప్పేమీ లేదు.

ఆయన దుకాణం జడ్చర్లలో, మహబూబ్‌నగర్ పోయే రోడ్డు మీద, ఎరువుల దుకాణానికి పై అంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటేనే పురుగుమందు వాసన గొంతులో దిగేది. తెలంగాణ రాకముందు ఆయన ఫ్లెక్సీలు కొట్టేవాడట. రాష్ట్రం వచ్చి, కొత్త జిల్లాలు అయ్యాక ఊరికో ఇళ్లప్లాట్ల వెంచరు, వీధికో ఇంగ్లీషు బడి లేచాయి. ప్రతివాడికీ వెబ్‌సైటు కావాల్సి వచ్చింది. కోడింగు రాకపోయినా సైటు కట్టే సాఫ్ట్‌వేర్లు అప్పటికే వచ్చేశాయి. తెర మీద డబ్బాలు, అక్షరాలు, బొమ్మలు మౌసుతో లాగి కావలసిన చోట పెట్టుకుంటే సరిపోయేది. పాలమూరులో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న నాకు ఆ పని దొరికింది.

నాకు అప్పగించింది స్లైడ్ షోలు. సైటు తెరవగానే పైన పెద్ద బొమ్మలు ఒకటి పోయి ఒకటి వస్తుంటాయి కదా, అవి. వాటితో ఒక తలనొప్పి ఉంది. కంప్యూటర్ తెర అడ్డంగా ఉంటుంది, ఫోను నిలువుగా ఉంటుంది. అడ్డంగా తీసిన బొమ్మ ఫోనులోకి వచ్చేసరికి రెండు పక్కలా తెగిపోతుంది. ఏ తెరకు ఆ తెర ప్రకారం బొమ్మ సర్దుకోవాలంటే, తెగినా పోకూడనిది ఎక్కడుందో సాఫ్ట్‌వేరుకు చెప్పాలి. బొమ్మ మీద ఒక చుక్క ఉంటుంది. దాన్ని జరిపి ఎక్కడ పెడితే ఆ భాగం నిలుస్తుంది, మిగతాది తెగుతుంది.

ఆయన తెరను వేలితో తాకుతూ మాట్లాడేవాడు. సాయంత్రం కింద బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించి, తింటూ తింటూనే వచ్చి నా వెనక నిలబడేవాడు. "గీ మొఖం జర పెద్దగ జెయ్యి తల్లీ," అని ఆ ముఖం మీదనే నూనె వేలు ఆనించేవాడు. ఇంటికి పోయేముందు మెషీను ఆపితే నల్లబడిన అద్దం మీద, ముఖాలు ఉన్న చోటల్లా ఆయన వేలిముద్రలు మెరుస్తూ మిగిలేవి. నేను నా చున్నీ కొంగుతో తుడిచేదాన్ని. ఫోను చూసేటప్పుడు బొటనవేలు నాలుకకు తడుపుకొని, పుస్తకంలో కాగితం తిప్పినట్టు బొమ్మలు తిప్పేవాడు. ఆ తడి ఫోను నా చేతికిచ్చి "సూడు" అనేవాడు.

"నిలవడ్డ బొమ్మ పీనుగతో సమానం," అనేది ఆయన వేదవాక్కు. "కదలాలె. కదిలితెనే మనిషి నమ్ముతడు. ఆలోచన జేసేటంత టైమియ్యొద్దు, ఇంకోటి రావాలె."

ఒకసారి ఒక బడి యజమాని తన సైటు చూసుకొని గాభరాపడ్డాడు. "సార్, మా బళ్లె ఈత కొట్టే జాగా లేదు గదా? గీ నీళ్ల బొమ్మ యాడిది?"

"రేపు కట్టవా?"

"కడ్త... ఎన్నడో కడ్తనేమో."

"అయితె గప్పటిదాంక బొమ్మల ఈదుతరు పిల్లలు. ఫికర్ జెయ్యకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నీళ్ల బొమ్మే జడ్చర్ల బయట రాళ్లగుట్ట మీద వేసిన ఒక వెంచరు సైటులోనూ ఉండేది. అప్పట్లో నేనూ నవ్వాను. ఈత కొలను లేకపోతే ఎవరి ప్రాణం పోతుందిలే అనిపించేది.

ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు. మా బాపు దవాఖానలో ఉన్నప్పుడు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా కట్టించి తానే తెచ్చాడు. పని ఆలస్యమైతే ఆడపిల్లల్ని బస్సు ఎక్కించేదాకా స్టాండులో నిలబడేవాడు. ఇవన్నీ నిజం. గ్రూపులో దండాలు పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు. ఇంకా ఒకటుంది, ఆయనకు ఏడుపు సులువుగా వచ్చేది. బొమ్మల్లో ఎవరైనా దీనంగా కనబడితే కళ్లలో నీళ్లు నిండేవి. రుమాలుతో మెడ తుడుచుకొని, దాంతోనే కళ్లు తుడుచుకొని, "గీ బొమ్మను జర మెల్లగ జరుగనియ్యి తల్లీ, గుండెల దిగాలె," అనేవాడు. ఆ కన్నీళ్లు దొంగవని మొదట్లో అనుకున్నాను. కావు. నిజంగానే ఏడ్చేవాడు, ఏడుస్తూనే కొలత చూసుకునేవాడు.

అచ్చంపేట అవతల ఆయనకు తెలిసినవాళ్లు ఒక హాస్టలు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లలోని పేదపిల్లలకు తిండి, చదువు. విరాళాల కోసం సైటు కావాలన్నారు. ఫోటోలు తీయడానికి ఆయనే కెమెరా భుజాన వేసుకొని బయలుదేరాడు. సాయానికి నన్ను తీసుకుపోయాడు.

పిల్లలను స్నానాలు చేయించి, తలలు దువ్వి, వరుసగా నిలబెట్టారు అక్కడివాళ్లు. ఆయన చూసి మొహం ముడిచాడు. "గిట్ల తళతళ మెరుస్తుంటె ఎవరిస్తరు? చెప్పులిడువమను. తలలు జర చెదురగొట్టు." వార్డెనమ్మ ఏమనుకుందో గానీ చెప్పినట్టే చేసింది. కంకర మీద ఒట్టికాళ్లతో పిల్లలు గెంతుతుంటే ఆయన ఒక్కొక్క ముఖాన్ని, సంతలో మేకను చూసినట్టు, గడ్డం పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ఒక పిల్ల దగ్గర ఆగాడు. రెండో తరగతో మూడో తరగతో ఉంటుంది. పెద్ద కళ్లు.

ఆ పిల్ల పక్కన వాళ్లమ్మ ఉంది. మేకలు కాసుకునే మనిషి, బిడ్డను చూసిపోదామని ఆ రోజే వచ్చింది. కొంగులో మొర్రిపండ్లు మూటగట్టుకొచ్చింది. పిల్ల ఒక చేత్తో పండ్లు తింటోంది, రెండో చెయ్యి తల్లి చేతిలో ఉంది.

"జర పక్కకు జరుగమ్మా," అన్నాడు ఆయన.

తల్లి ఒక అడుగు జరిగింది. చెయ్యి విడువలేదు.

"చెయ్యి ఇడిసిపెట్టు."

"భయపడ్తది సారు," అంది ఆమె. "మిషిని జూసి బుగులువడ్తున్నది."

నేను ఆయన వైపు చూశాను. విసుక్కుంటాడేమో అనుకున్నాను. ఆయన చల్లగా నవ్వి, "ఉండనియ్యి, ఉండనియ్యి. ఫోన్ల ఎట్లనన్న తెగుతది," అని ఫోటో తీశాడు. నిజంగా నోరు తీపి చేసుకుంటున్న పిల్లను, నవ్వు ఆగి భయం మొదలయ్యే ఆ క్షణంలో పట్టుకున్నాడు. ఆ విద్య ఆయనకు ఉండేది.

మరుసటి రోజు ఆ బొమ్మ దగ్గర నన్ను కుర్చీలోంచి లేపి తానే కూర్చున్నాడు. చుక్కను పట్టి లాగి పిల్ల రెండు కళ్ల మధ్య పెట్టాడు. పక్కనున్న చిన్న తెరలో ఫోను బొమ్మ మారింది. తల్లి పోయింది. పిల్ల భుజం నుంచి ఒక చెయ్యి ఎటో పోయి అంచు దగ్గర తెగిపోయింది. తర్వాత బొమ్మ కింద రెండు రాతలు పెట్టాడు. కంప్యూటర్లో చూస్తే "చదువుల బాటలో మా చిన్నారి" అని కనబడుతుంది. ఫోనులో చూస్తే అది దాగిపోయి ఇంకోటి వస్తుంది: "నాకెవ్వరూ లేరు. మీరున్నారా?"

"ఇదేంది సార్, అక్కడొకటి ఇక్కడొకటి?" అని అడిగాను.

"లెక్కలడిగేటోళ్లు ఆఫీసులల్ల కంప్యూటర్ల చూస్తరు తల్లీ. ఇచ్చేటోళ్లు ఫోన్ల చూస్తరు," అన్నాడు. అని, ఆ పిల్ల కళ్లు చూసి ఏడ్చాడు.

ఏడాది తిరగకముందే ఆ తల్లి మెట్లెక్కి వచ్చింది. మధ్యాహ్నం ఎండలో, అచ్చంపేట బస్సు దిగి దారి అడుగుతూ అడుగుతూ వచ్చిందట. చేతిలో తమ్ముడి ఫోను. ఆయన ఆమెను గుర్తుపట్టాడు. ముఖాలు మరిచేవాడు కాదు. "రా చెల్లె, కూసో," అని ఫ్యాను ఆమె వైపు తిప్పాడు, చాయ్ తెప్పించాడు. ఆమె చాయ్ ముట్టలేదు.

"నేను సచ్చిపోయిననుకున్నరు సారు," అంది.

హైదరాబాదులో ఆటో నడిపే తమ్ముడికి ఎవరో ఆ సైటు పంపారట. మేనకోడలు ఒంటరిగా నిలబడి నాకెవ్వరూ లేరు అంటుంటే, అక్కకేమైందో అని గుండెలు బాదుకుంటూ ఊరికి వచ్చాడు. అదంతా తర్వాత నవ్వుకున్నాం సారు, అంది ఆమె. నవ్వలేనిది ఇంకొకటి జరిగింది.

"మొన్న పిల్లను చూద్దామని హాస్టలుకు పోయిన. గేటు కాడ్నే ఆపిండ్రు. ఈరోజు పైసలిచ్చే పెద్దోళ్లొచ్చిండ్రు, గా పిల్లకు ఎవ్వరు లేరని వాళ్లకు ఎరుక, నువ్వు లోపటికి రావద్దు అన్నరు. కంచె సందులకెల్లి చూసిన. ఎవరో కొత్త చీరామె నా బిడ్డను ఒడిల కూసోవెట్టుకొని, అమ్మా అను, అమ్మా అను అంటున్నది." ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "నా బిడ్డ అన్నది సారు."

ఆయన లేచి, నా పెద్ద తెరను ఆమె వైపు తిప్పాడు. సైటు తెరిచి ఆ బొమ్మ వచ్చేదాకా ఆగాడు.

"ఇగో చెల్లె. ఉన్నవా లేవా?"

ఆమె తనను తాను అంత పెద్దగా ఎప్పుడూ చూసుకొని ఉండదు. దగ్గరికి వచ్చి, తెరను తాకకుండా, తన చెయ్యి బిడ్డ చేతిని పట్టుకున్న చోటును చూసింది. "ఉన్న," అంది.

"మరింకేంది?"

ఆమె ఫోను ముందుకు చాచింది. "మరి గిండ్ల?"

"ఫోను చిన్నగుంటది చెల్లె. ఇద్దరు పట్టరు."

"మా గుడిసె గింతుంటది సారు," అంది ఆమె, రెండు చేతులూ దగ్గరగా పట్టి చూపిస్తూ. "అండ్ల నలుగురం పడ్తం."

నాకు అప్పుడనిపించింది, ఈ మాటకు ఈయన దగ్గర జవాబు ఉండదని. ఉంది. ఆయన కళ్లు నిండాయి. రుమాలు తీశాడు. "గా ఒక్క మొఖంతోటి ఎంతమంది పిల్లలు బువ్వ తింటున్నరో నీకెరుకేనా? నీ బిడ్డ మొఖం దేవుడిచ్చిండు. తీసెయ్యమంటె తీసేస్త. గని ఆ పిల్లల నోటికాడి ముద్ద నువ్వు గుంజుకున్నట్టయితది. ఆలోచన జెయ్యి." ఆ కన్నీళ్లు నటన కాదు. అందుకే ఆమె దానికి ఎదురు చెప్పలేకపోయింది. పేదవాళ్ల నోరు ఎట్లా మూయించాలో ఆయనకు తెలుసు, ఇంకో పేదవాడిని చూపించాలి. ఆమె పెదవులు బిగించి నిలబడింది. బుగ్గల మీదుగా నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేపలేదు.

ఆయన కన్నీళ్లు ఆగిపోయాయి. తల కొంచెం పక్కకు వంచి ఆమె ముఖాన్ని చూశాడు. హాస్టలు ముంగిట్లో పిల్లలను చూసినట్టు చూశాడు. చెయ్యి జేబులోకి పోయింది, ఫోను బయటికి వచ్చింది.

"జర కిటికీ దిక్కు తిరుగు చెల్లె," అన్నాడు మెత్తగా. "ఒక్కటే ఫోటో."

ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక అరచేయి ఎత్తి ఆయన ఫోను కన్ను మూసేసింది. అట్లా మూసి పట్టుకొనే ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు ముఖం మీదికి లాక్కొని మెట్లు దిగింది.

నేను వెనకే పరుగెత్తాను. ఎరువుల దుకాణం అరుగు మీద ఆగి ఆమె అడిగింది, "బిడ్డా, నువ్వు తీసేస్తవా?"

పైకి వచ్చి ఆయన ఎదురుగానే ఆ బొమ్మను తీసేశాను. ఆయన ఆపలేదు. ఆమె ముట్టని చాయ్ తాగుతూ చూస్తూ కూర్చున్నాడు. "తియ్యి తల్లీ, తియ్యి. నీ మనసు నిమ్మలమైతది," అన్నాడు.

తెల్లారి వచ్చేసరికి బొమ్మ మళ్లీ అక్కడే ఉంది. ఈసారి కంప్యూటర్లో కూడా తల్లి లేదు. మూల ఫోటోలోనే ఆమెను కత్తిరించేశాడు. తెగిన చోట చెట్టు ఆకులు అతికించాడు. పిల్ల చెయ్యి ఆకుల్లోకి పోతోంది.

"ఇగ ఎవ్వరికి పరేశాన్ లేదు," అన్నాడు, నా భుజం మీదుగా వంగి, తాను చేసిన అతుకును మెచ్చుకుంటూ. "ఏ తెర మీద జూసినా ఒక్కతీరే ఉంటది."

బ్యాగు తీసుకొని లేచాను. ఎందుకు పోతున్నానో చెప్పాను. తిట్టాను కూడా. ఆయన బాధపడ్డాడు, నిజంగానే. "నీకు మంచి చెయ్యున్నది తల్లీ, కోపం తగ్గినంక రా," అన్నాడు. మెట్ల దాకా వచ్చి సాగనంపాడు.

ఆ తల్లి బిడ్డను హాస్టలు నుంచి తెచ్చేసుకుంది. ఆ రోజు అరుగు మీద తీసుకున్న నంబరుకు నేను ఫోను చేస్తే చెప్పింది, ఊళ్లో సర్కారు బడిలో వేశానని. "ఈడ ఇంగిలీషు లేదు బిడ్డా, గుడ్డు గూడ రోజు పెట్టరు. అయినా మాపటికి ఇంటికొస్తది గదా," అంది. పిల్ల తనను అమ్మా అని పిలవడానికి కొన్నాళ్లు సిగ్గుపడిందని, చాలా రోజుల తర్వాత ఇంకోసారి మాట్లాడినప్పుడు చెప్పింది. సైటులో మాత్రం ఆ పిల్ల అట్లాగే వస్తూ పోతూ ఉంది. హాస్టలుకు రెండుసార్లు రాశాను. చూస్తామన్నారు. మూడోసారి రాస్తే ఇంకో పిల్ల బొమ్మ వచ్చింది. అదే రాత, అదే చుక్క, కళ్ల మధ్య.

ఆయనను చివరిసారి చూసింది రెండేళ్ల కింద, జడ్చర్ల బస్టాండులో. నన్ను చూడగానే ముఖం విప్పార్చుకొని వచ్చాడు. జుట్టు నెరిసింది, మనిషి చిక్కాడు. మధ్యలో ఏమీ జరగనట్టే "ఎట్లున్నవ్ తల్లీ? బాపు మంచిగున్నడా?" అని అడిగాడు. పక్కకు తప్పుకుందామనుకునేలోగా ఫోను తీసి నా ముఖం ముందు పెట్టాడు. షాద్‌నగర్ దగ్గర ఎవరో వృద్ధాశ్రమం పెడుతున్నారట, దానికి సైటు చేస్తున్నాడట.

మొదటి బొమ్మ ఒక ముసలామె. చీకటి గోడ, పక్క నుంచి వెలుగు, సొట్ట గిన్నె మీద రెండు చేతులు. ముఖంలోని ప్రతి ముడతా కనబడుతోంది. బొమ్మ మెల్లగా, చాలా మెల్లగా దగ్గరికి వస్తోంది. కింద రాత చదవకుండానే ఏముంటుందో నాకు తెలిసింది.

"ఎట్లుంది?" అన్నాడు, పరీక్ష రాసిన పిల్లవాడిలా.

"ఎవరీమె?"

"మా అమ్మ."

ఆమెను నేను చూశాను ఒకసారి, వాళ్లింట్లో. అప్పుడే చూపు సన్నగిల్లుతోంది. కొడుకు దుకాణంలో పనిచేసే పిల్లనని చెబితే దగ్గర కూర్చోబెట్టుకొని సకినాలు పెట్టింది.

"ఆమెకు చెప్పినవా సార్, ఇట్ల పెట్టినట్టు?"

"ఇప్పుడు కండ్లు పూర్తిగ పోయినయి తల్లీ. ఏం తెలుస్తది?" నవ్వాడు. "చానమందిని చూసిన. గింత మంచి మొఖం యాడ దొరకలే."

"ఇప్పుడు యాడున్నది?"

"యాడుంటది? ఇంట్ల." అట్లా అడిగినందుకు నొచ్చుకున్నాడు. "కోడలు చేస్తనన్నా ఒప్పుకోదు. పొద్దుగాల నేనే తానం పోసి, తల దువ్వి, బువ్వ తినవెట్టి వచ్చిన. రోజు నేనే."

మహబూబ్‌నగర్ బస్సు వచ్చింది. నేను ఎక్కేశాను. తల్లికి రోజూ స్నానం చేయిస్తున్నాననడం ఆయన చెప్పుకునే ఉత్త గొప్ప అనుకుందామని చూశాను. తర్వాత తెలిసినవాళ్లను అడిగాను. అది నిజమే. ఆమె తల ఆయనే దువ్వేవాడు, ముద్దలు కలిపి ఆయనే పెట్టేవాడు. ఆ ఒక్క మాటైనా అబద్ధమై ఉంటే ఆయనను అసహ్యించుకోవడం నాకు ఇంత కష్టమయ్యేది కాదు.